పన్ను ఏ కప్పు మీద వేయాలి?
బొమ్మల కథలు రాసేవారి ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల బొమ్మల పుస్తకాల గురించే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం, పొడుగాటి ఉత్తరాల్ని కుదించాం.

ప్రశ్న: ఒకటో తరగతి పిల్లల కోసం బొమ్మల కథ రాద్దామని కూర్చుంటే ‘అబద్ధం ఆడరాదు’, ‘చెట్లు నరకరాదు’, ‘ఐకమత్యమే బలం’... ఇవే వస్తున్నాయి. కొత్త ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయి?
– ఉపాధ్యాయిని, నూజివీడు

జవాబు: మీకు వస్తున్నవి ఆలోచనలు కావండీ, ముగింపులు. చివరి వాక్యం ముందే దొరికేసింది కాబట్టి దాన్ని రుజువు చేయడానికి ఏ కుందేలునో, ఏ తాతయ్యనో పనిలో పెట్టుకోవాల్సి వస్తోంది. ఆరేళ్ళ పిల్ల ఈ సంగతి రెండో పేజీలోనే పసిగట్టేస్తుంది. నీతిని పక్కన పెట్టి, పిల్ల చేతిలో ఉన్న వస్తువు దగ్గర మొదలుపెట్టండి.

బడిలో ఉంటారు కనుక మీకిది తేలిక. రెండు వారాల పాటు రోజుకి పదిహేను నిమిషాలు, ఇంటర్వెల్లోనో అన్నాల వేళో, పిల్లల్ని చూస్తూ నోటుబుక్కులో మూడు గడులు నింపండి. మొదటి గడిలో వస్తువు: తెగిన చెప్పు, మూత రాని నీళ్ళ సీసా, ఉడికిన గుడ్డు. రెండో గడిలో ఆ పిల్ల దాంతో ఏం చేయాలనుకుంటోంది. మూడో గడిలో ఏం అడ్డొచ్చింది. ‘ముద్దుగా ఉంది’, ‘పాపం’ లాంటి మీ అభిప్రాయాలు రాయకండి. రోజుకి అయిదు వరసలు రాసినా పన్నెండు రోజులకి అరవై అవుతాయి. వాటిలో యాభై ఎందుకూ పనికిరావు. అది మామూలే, కంగారు పడకండి.

మిగిలిన పదింటికీ ఒకటే పరీక్ష: దీన్ని పన్నెండు వేరువేరు బొమ్మలుగా వేయొచ్చా? ‘పాపకి కోపం వచ్చింది, తర్వాత తగ్గింది’ అన్నదానికి రెండు బొమ్మలే వస్తాయి. కూర్చుని మాట్లాడుకునే కథలు, మనసులో ఆలోచించుకునే కథలు ఇక్కడే రాలిపోతాయి. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య చోటైనా మారాలి, వెలుగైనా మారాలి, లేదా ఎంతమంది ఉన్నారన్నదైనా మారాలి.

ఉదాహరణకి పాలపన్ను. పన్ను ఊడితే చాలా ఇళ్ళల్లో దాన్ని ఆవుపేడలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరేయమంటారు. ఇంతవరకూ ఇది ఆచారమే, కథ కాదు. దీని పక్కన ఒక ‘కానీ’ పెట్టండి. కానీ ఆ పిల్ల ఉండేది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో, రెండో అంతస్తులో. వాళ్ళ ఇంటికి కప్పేది? తలెత్తి చూస్తే ఫ్యాను. ఫ్యాను పైన ఇంకెవరిదో ఇల్లు. ఇక పేడ సంగతి దేవుడెరుగు. ఇప్పుడు పిల్లకి ఒక పని ఉంది, ఒక అడ్డుంది, ఎక్కాల్సిన మెట్లున్నాయి. నీతి ఎక్కడా లేదు, దాని కొరతా తెలియడం లేదు.

ఈ ‘కానీ’ని మీకు తెలిసిన దేని పక్కనైనా పెట్టి చూడొచ్చు. భోగిపళ్ళు పోయాలి, కానీ పాప నిద్ర లేవదు. గుడి బయట చెప్పులు విప్పారు, కానీ తిరిగొచ్చేసరికి ఒకటే ఉంది. వినాయకుడికి పత్రి కావాలి, కానీ వీధి వీధంతా క్రోటన్లే. చెప్పు కథ పన్నెండు బొమ్మలు మోస్తుంది, భోగిపళ్ళది మోయదు అని మా అంచనా. పాప నిద్రపోతున్నంతసేపూ బొమ్మ మారదు మరి.

ప్రశ్న: నేను రాసిన కథ నోటుబుక్కులో నాలుగు పేజీలుంది. పేరాకో పేజీ చొప్పున విడగొడితే చప్పగా తయారైంది. 24 పేజీల పుస్తకంగా ఎలా మలచాలి?
– గృహిణి, హనుమకొండ

జవాబు: ముందు 24 అనే అంకె ఎక్కడిదో చూద్దాం. ప్రెస్సులో పెద్ద షీటుకి రెండు వైపులా అచ్చు కొట్టి మడతలు పెడతారు. ఒక ఫారం అంటే 8 లేదా 16 పేజీలు. అందుకే బొమ్మల పుస్తకాలు 16, 24, 32 పేజీల్లో ఉంటాయి. మీ కథ 27 పేజీలకి వచ్చిందంటే 5 పేజీలు ఊరికే పోతాయి, వాటికీ డబ్బు కట్టాలి.

ఆరు ఏ4 కాగితాలు తీసుకోండి. ఒక్కొక్కటీ సగానికి మడిచి ఒకదానిలో ఒకటి దూర్చి, మధ్యలో రెండు పిన్నులు కొట్టండి. 24 పేజీల డమ్మీ తయారు. ప్రతి పేజీ కింద మూలన నంబరు వేయండి. 1వ పేజీ పుస్తకం పేరుకి, 2వ పేజీ ప్రచురణ వివరాలకి పోతాయి. కథకి మిగిలేవి: 3వ పేజీ ఒంటరిది, 4–5 నుంచి 22–23 దాకా పది జంట పేజీలు, చివర 24వది మళ్ళీ ఒంటరి. అంటే మీ చేతిలో ఉన్నవి పన్నెండు చోట్లు. ఇందాకటి పరీక్షలో పన్నెండు బొమ్మలన్నది అందుకే. 32 పేజీలైతే పద్నాలుగు జంటలు, రెండు ఒంటరి పేజీలు వస్తాయి.

ఇప్పుడు పన్ను కథని ఇందులో కూర్చోబెడదాం. తొలి ప్రయత్నం ఇలా ఉంటుంది: 3లో అద్దం ముందు పిల్ల, ఊగుతున్న పన్ను. 4–5లో చేగోడీ కొరకడం, పన్ను చేతిలోకి రావడం. 6–7లో ఫోనులో అమ్మమ్మ. 8–9లో తలెత్తితే ఫ్యాను. 10–11, 12–13, 14–15లో మూడు, నాలుగు, అయిదు అంతస్తులు. 16–17లో డాబా తలుపుకి తాళం. 18–19లో తాళంచెవి కోసం కింద వాచ్‌మన్ దగ్గరికి దిగడం, మళ్ళీ ఎక్కడం. 20–21లో డాబా. 22–23లో విసరడం. 24లో ముగింపు.

అంతా సరిపోయినట్టే కనబడుతుంది. గీతల మనుషులతో పెన్సిల్ బొమ్మలు వేసి పేజీలు తిప్పండి, లోపాలు అప్పుడు బయటపడతాయి. మొదటిది, మూడు అంతస్తులూ ఒకే బొమ్మ: తలుపు, ఎవరో పెద్దాయన, ‘మా కప్పు మీద ఇంకో ఇల్లుందమ్మా’. మూడుసార్లు తిరిగి రావడం మంచిదే, పిల్లలకి ఇష్టం. కానీ ప్రతిసారీ ఏదో ఒకటి పెరగాలి. ఒక్కో ఇంటి నుంచి ఒక్కొక్కరు వెంట పడాలి, లేదా జవాబు మారాలి. కాబట్టి మూడు, నాలుగు అంతస్తుల్ని 10–11లోకి కుదించండి. ఎడమ పేజీలో తాతగారు కర్ర తీసుకుని వెంట బయల్దేరతారు, కుడి పేజీలో తాళం వేసిన ఇల్లు, గుమ్మం ముందు చెప్పులు మాత్రమే.

దాంతో 12–13 ఖాళీ అయింది. ఇది మామూలు చోటు కాదు. 24 పేజీల పుస్తకంలో సరిగ్గా మధ్య కాగితం, పిన్నులు పడే చోటు. రెండు పేజీలూ ఒకే కాగితం మీద అచ్చవుతాయి కాబట్టి మధ్య మడతలో బొమ్మ తెగదు, పక్కకి జరగదు. పుస్తకాన్ని నిలువుగా తిప్పి, మొత్తం బిల్డింగును గోడ కోసినట్టు నిట్టనిలువునా చూపించడానికి ఇంతకన్నా మంచి పేజీ దొరకదు. ప్రతి ఇంట్లో ఏం జరుగుతోందో పిల్లలు వేలు పెట్టి వెతుక్కుంటారు. అక్కడ మాటలు అసలు లేకపోయినా పరవాలేదు.

రెండో లోపం ఇంకా పెద్దది, ఆలోచిస్తే తట్టదు, గీస్తేనే కనబడుతుంది. 20–21లో పిల్ల డాబా మీదకి చేరింది. అంటే కప్పు మీదే నిలబడి ఉంది! ఇప్పుడు దాన్ని కప్పు మీదకి విసరడం ఎలా? చాలామంది ఇక్కడ బెదిరి కథ మార్చేస్తారు. మార్చకండి, ఇదే కథకి దొరికిన అదృష్టం. 21వ పేజీ కింద ‘కప్పు కాళ్ళ కింద ఉంది’ అని ఆపండి. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం కనుక, తిప్పబోయే చెయ్యి ఉండేది కుడి పేజీ దగ్గరే. సందేహం ఎప్పుడూ కుడి పేజీ చివర, జవాబు తిప్పాక ఎడమ పేజీలో. ఇది తారుమారైతే జవాబు ముందే కంట్లో పడుతుంది, పేజీ తిప్పాలన్న తొందర చచ్చిపోతుంది. మీ కథ చప్పబడడానికి ముఖ్య కారణం బహుశా ఇదే.

22–23లో పిల్ల పన్నుని పైకి విసురుతుంది. అది తిరిగొచ్చి, డాబా మీద గుడ్డ పరిచి పెట్టిన సగ్గుబియ్యం వడియాల్లో పడుతుంది. సగ్గుబియ్యం గింజనీ పాలపన్నునీ పక్కపక్కన ఊహించుకోండి. 24లో మాటల్లేవు: మెట్ల వెంట కూడినవాళ్ళంతా మోకాళ్ళ మీద కూర్చుని వడియాలు ఒక్కొక్కటీ ఎత్తి ఎండకి పెట్టి చూస్తున్నారు.

వడియాలు చివర్లో ఊడిపడితే మాత్రం మోసంలా ఉంటుంది. 14–15లోనే అయిదో అంతస్తు పిన్నిగారి చేతిలో జావ గిన్నె, గరిటె కనబడాలి. ఆవిడే ‘మా కప్పంటే డాబానే, కానీ తలుపు తాళం వేసేశాను, కాకులొస్తాయని’ అనాలి. అప్పుడు 16–17లోని తాళానికి కారణం దొరికింది, వడియాలకీ దొరికింది. తాళంచెవి కింద వాచ్‌మన్‌కి ఎందుకిచ్చిందో కూడా ఒక ముక్క అనిపించేయండి. వడియాలంటే ఎండాకాలం, కాబట్టి పిల్ల సెలవుల్లో ఇంట్లో ఉంది, ఇదీ కుదిరింది. ఎండాకాలం డాబా అంటే కాళ్ళు కాలతాయి, కాబట్టి 20–21లో అందరూ ఒంటికాలి మీద గెంతుతుంటారు. ఈ బొమ్మ ఎవరూ ‘ఆలోచించి’ పెట్టింది కాదు, వడియాలు లాక్కొచ్చింది.

ప్రశ్న: బొమ్మల పుస్తకంలో ఎన్ని మాటలుండాలి? ఏవి రాయాలి, ఏవి వదిలేయాలి?
– డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: ప్రథమ్ బుక్స్ వారి పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో వాడే స్థాయిలు ఒక కొలబద్ద: మొదటి స్థాయికి 250 మాటల లోపు, రెండోదానికి 600 లోపు, మూడోదానికి 1500 లోపు, ఆ పైన నాలుగోది. అయితే తెలుగుకి మాటల లెక్క ఒక్కటే చాలదు. ‘వెళ్ళిపోతున్నాడేమోననుకుంది’ అన్నది లెక్కకి ఒక్క మాట, అప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లకి మాత్రం ఒక కొండ. పేజీని ఊపిరితో కొలవండి. పైకి చదువుతుంటే ఒక పేజీకి రెండు ఊపిర్లు దాటకూడదు. పిల్లలు సొంతంగా చదివే పుస్తకమైతే ఒకటే.

ఏం వదలాలన్నది ఉదాహరణతో చూద్దాం. ‘చిన్ని ఎర్ర గౌను వేసుకుని, రెండు జడలు వేసుకుని, సంతోషంగా గబగబా మెట్లెక్కి పైకి వెళ్ళింది. అక్కడ తలుపు మూసి ఉంది. తలుపుకి పెద్ద తాళం వేసి ఉంది. అది చూసి చిన్ని చాలా బాధపడింది.’ 26 మాటలు. గౌను, జడలు, తలుపు, తాళం, బాధ అన్నీ బొమ్మలో కనబడేవే. తీసేస్తే మిగిలేది: ‘మెట్లు. మెట్లు. ఇంకా మెట్లు.’ పేజీ తిప్పితే: ‘తాళం!’ అయిదు మాటలు. పైగా ఆ మూడు ‘మెట్లు’లో ఆయాసం వినబడుతుంది, అది బొమ్మ చేయలేని పని.

బొమ్మ చేయలేనివే మీ వంతు: చప్పుడు, వాసన, రుచి, పేరు, ఎన్నాళ్ళయిందన్న లెక్క, ఎవరేమన్నారన్నది. రంగు, బట్టలు, చోటు, ముఖంలో భావం చిత్రకారుల వంతు. బొమ్మ మాటలకి ఎదురు చెప్పాల్సిన చోట మాత్రమే వాళ్ళకి ఒక వాక్యం సూచనగా రాయండి. ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని మాటలంటుంటే తెర వెనక పిల్లి తోక కనబడాలనుకోండి, అది చెప్పకపోతే వాళ్ళకి తెలియదు. ప్రతి పేజీకీ పేరా పేరా సూచనలు రాసి పంపితే చిత్రకారులు రెండో పేజీ దాటి చదవరు. వాళ్ళని తప్పుపట్టలేం.

ప్రశ్న: మా ప్రాంతపు మాటల్లో రాస్తే మిగతావాళ్ళకి అర్థం కాదేమో?
– మహబూబ్‌నగర్ పాఠకుడు

జవాబు: ధైర్యంగా రాయండి. అర్థం చెప్పడానికి పక్కనే బొమ్మ ఉండే పుస్తకం ఇదొక్కటే కదా. ఆనపకాయ అన్నా సొరకాయ అన్నా అనిగెపుకాయ అన్నా బొమ్మలో కాయ ఒకటే. జాగ్రత్తల్లా ఒక్కటే, మొదలుపెట్టిన యాసని చివరిదాకా నిలపాలి. సంభాషణ మహబూబ్‌నగర్‌ది, కథనం పాఠ్యపుస్తకానిది అయితే ఆ సంభాషణ వేషం వేసుకున్నట్టుంటుంది. కథనం కూడా ఆ నోటితోనే చెప్పించండి.

ప్రశ్న: పిల్లలు నెట్టుకుంటూ ఆడుకునే ముంజకాయల బండి మీద కథ రాశాను. బొమ్మలు వేసినవారు ఊరు ఎరగనివారు. తాటిచెట్టుకి బదులు కొబ్బరిచెట్టు వేశారు, బండికి నాలుగు చక్రాలు పెట్టారు. ముందుగా నేనేం ఇచ్చి ఉండాల్సింది?
– రిటైర్డ్ పోస్టుమాస్టర్, భీమవరం దగ్గర

జవాబు: తప్పు సగం మీదే. ‘ముంజకాయల బండి’ అన్న మాట మీకు బొమ్మ, వారికి వట్టి మాట. చిత్రకారులకి కథతో పాటు ఒక వివరాల కాగితం ఇవ్వాలి, కుదిరితే వస్తువునే చేసి ఫొటోలు తీసి ఇవ్వాలి.

మీ కథకి ఆ కాగితంలో ఉండాల్సినవి ఇవి. తాటాకు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది, కొబ్బరాకు ఈకలా ఉంటుంది. తాటిలో పోతు వేరు, పెంటి వేరు. గెలలున్న చెట్టు గీయాలంటే పెంటి తాడినే చూసి గీయాలి. కాయకి సాధారణంగా మూడు ముంజలు, కొన్నింటికి రెండు, అరుదుగా ఒకటి. ముంజలు తినేశాక మిగిలిన బుర్రలు రెండు, వాటిని కలుపుతూ ఇరుసుగా ఒక పుల్ల, ఆ పుల్లని నెట్టడానికి చివర పంగ ఉన్న పొడుగు కర్ర. చక్రాలు రెండే. కర్ర ఎంత పొడుగన్నది పిల్ల ఎత్తుని బట్టి ఉంటుంది. మరీ పొట్టిగా గీస్తే పిల్ల వంగి నడవాలి, పరిగెత్తలేదు, మీ కథలో పరుగు పందెం ఉంటే అది అక్కడే ఆగిపోయింది. బుర్రలోని గుంటలు బయటి వైపుకి కనబడతాయా, లోపలి వైపుకా, ఇరుసు ఎక్కడ గుచ్చుతారు అన్నవి జ్ఞాపకం మీద చెప్పకండి. ఒక బండి చేయండి, పక్క నుంచి, ముందు నుంచి, పై నుంచి ఫొటోలు తీయండి. నాలుగోది పిల్ల కంటిమట్టం నుంచి తీయండి. ఆరేళ్ళ పిల్ల కళ్ళు నేలకి మీటరు పైచిలుకు ఎత్తులో ఉంటాయి. మీరు నిలబడి తీసిన ఫొటోలో లోకం ఆ పిల్లకి కనబడేలా ఉండదు.

ఆ బండిని పారేయకుండా నాలుగు రోజులు ఉంచండి. పచ్చి బుర్ర ఎండుతూ నల్లబడి ముడుచుకుపోతుంది, ఇరుసు వదులవుతుంది, చక్రం ఊడుతుంది. కథకి అడ్డు కావాలని వెతుక్కునేవాళ్ళకి అది వస్తువులోనే ఉంది, దుష్టపాత్రని తేనక్కర్లేదు.

కాలం తప్పులు ఇంకా ఎక్కువ జరుగుతాయి. ముంజలు ఎండాకాలానివి, తాటిపండు వానాకాలం నడిమికి వస్తుంది, తేగలు సంక్రాంతి చలికి. ముంజకాయల బండి వెనక గొబ్బెమ్మలు గీస్తే ఊళ్ళో పిల్లలే నవ్వుతారు. చంద్రుడి సంగతి మరీను. దీపావళి అమావాస్య, టపాకాయల వెనక నిండు చందమామ ఉండదు. వినాయక చవితి నాడు పొద్దుగూకాక పడమట సన్నటి నెలవంక, కాసేపటికే అస్తమిస్తుంది. బతుకమ్మ ఎంగిలిపూల రోజు అమావాస్య, సద్దుల నాటికి అష్టమి, సగం చంద్రుడు. హోలీకీ రాఖీకీ మాత్రం నిండుగా గీసుకోవచ్చు. ఈ తప్పులు అచ్చయిన పుస్తకాల్లోనూ కనబడుతూనే ఉంటాయి, తిథులు చూసుకునే దేశంలో.

ఇక ఒక పట్టిక. నిలువు వరసలో పేజీ నంబర్లు, అడ్డంగా: ఏ వేళ, ఎక్కడ, ఎవరెవరున్నారు, ఏం వేసుకున్నారు, చేతిలో ఏముంది, ఎన్ని ఉన్నాయి. ‘ఏడు కోడిపిల్లలు’ అని రాసిన పుస్తకంలో పిల్లలు ప్రతి పేజీలోనూ ఏడూ లెక్కపెడతారు. పదకొండో పేజీలో ఆరుంటే కథ ఆగిపోయి తప్పిపోయిన కోడిపిల్ల కథ మొదలవుతుంది.

ప్రశ్న: పిల్లల పుస్తకం అంటే ప్రాస ఉండి తీరాలా?
– అంగన్‌వాడీ టీచర్, పార్వతీపురం

జవాబు: అక్కర్లేదు. ప్రాస కోసం కథ పక్కదారి పట్టిందా అని చూసుకోండి. ‘కోతి’ వచ్చింది కనుక ‘రాతి’ గోడ కట్టారంటే ఆ గోడ పడగొట్టాల్సిందే. తెలుగులో అంతకన్నా సులువుగా, మరింత బలంగా పనిచేసేవి జంట మాటలు: గలగల, టపటప, కరకర, బుడబుడ. పేజీకొకటి చాలు. రాసిన మీరు కాకుండా, ఆ కథని ఎన్నడూ చూడని మనిషి చేత ఒకసారి పైకి చదివించండి. ఆ మనిషి తడబడిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. లయ తప్పింది అక్కడే.

ప్రశ్న: పుస్తకం డీటీపీ చేయించాం. ఒత్తులు కింది వరసలోకి దిగిపోయాయి, కొన్ని అక్షరాలు విడిపోయాయి. అచ్చుకి ముందు ఏం చూసుకోవాలి?
– సొంతంగా పుస్తకం వేసుకుంటున్న దంపతులు, హైదరాబాద్

జవాబు: తెలుగు అక్షరం పైకీ పెరుగుతుంది, కిందికీ పెరుగుతుంది. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ చూడండి, రెండేసి అంతస్తులు. ఇంగ్లిష్‌కి పెట్టే వరస దూరం దీనికి చాలదు. చిన్నపిల్లల పుస్తకంలో అక్షరం 20 నుంచి 24 పాయింట్లు, వరసకీ వరసకీ మధ్య దానికి ఒకటిన్నర రెట్లు ఉంచమనండి. అక్షరాలు విడిపోవడానికి కారణం సాధారణంగా పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్‌రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోకపోవడం. యూనికోడ్ తెలుగుకి అది తప్పనిసరి. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో ఉన్నదాన్ని యూనికోడ్‌కి మార్చి ఉంటే ఒత్తుల తప్పులు కొత్తగా పుట్టుకొస్తాయి, మొత్తం మళ్ళీ ప్రూఫ్ చూడాల్సిందే. ‘ద–ధ’, ‘ప–ఫ’ తేడా చిన్న గీతతోనే ఉంటుంది, ఆ గీత స్పష్టంగా కనబడని అలంకారపు ఫాంట్లు పేరు పేజీకి తప్ప వద్దు.

బొమ్మ అంచుదాకా ఉంటే కటింగ్ కోసం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా గీయించాలి. ముఖాలు, మాటలు మధ్య మడతకి అటూ ఇటూ కనీసం ఒక సెంటీమీటరు దూరం ఉండాలి. బొమ్మలు అచ్చు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. అక్షరాలు బొమ్మ మీద పడే పేజీల్ని నలుపు తెలుపులో జిరాక్స్ తీయించి చూడండి. అందులో చదవలేకపోతే రంగుల్లోనూ పిల్లలకి కష్టమే.

ప్రశ్న: కథ సిద్ధం. బొమ్మలు నేనే వేయించి పంపాలా? నెట్‌లో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారా? అమ్మమ్మ చెప్పిన జానపద కథ వాడుకోవచ్చా?
– విశాఖపట్నం, అనంతపురం పాఠకులు

జవాబు: బొమ్మలు వేయించనక్కర్లేదు. చిత్రకారుల్ని ఎంచుకోవడం ప్రచురణకర్తల పని. పేజీల వారీగా విడగొట్టిన కథ మాత్రమే పంపండి. తెలుగులో బొమ్మల పుస్తకాలు తెచ్చేవారిలో నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలిక, ప్రథమ్ బుక్స్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం ఉన్నారు. పంపే ముందు ఎవరి నియమాలు వారి వెబ్‌సైట్లో చూసుకోండి, వారు వేసిన పుస్తకాలు ఓ పదైనా చదవండి.

2015లో మొదలైన స్టోరీవీవర్‌లో ఎవరైనా కథ పెట్టుకోవచ్చు. అక్కడ కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. అంటే మీ పేరు చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అది దొంగతనం కాదు, మీరు ముందే ఒప్పుకున్న షరతు. వేరే ప్రచురణకర్తకి ఇవ్వాలనుకున్న కథని అక్కడ పెట్టకండి. ఇక జానపద కథ అందరిదీ. మీ అమ్మమ్మ చెప్పినట్టు మీ మాటల్లో రాసుకోండి. అదే కథని ఇంకొకరు పుస్తకంగా రాసి ఉంటే ఆ రూపం మాత్రం వారిది. మన చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు హక్కు ఉంటుంది.

ప్రశ్న: మా పిల్లలకి చదివి వినిపిస్తే ‘బాగుంది’ అనే అంటున్నారు. ఎలా నమ్మడం?
– ఖమ్మం పాఠకురాలు

జవాబు: నమ్మకండి. అమ్మ రాసిన కథ బాగాలేదని ఏ పిల్లా అనదు. డమ్మీని ఇంకొకరి చేతికిచ్చి, మీకు అంతగా తెలియని అయిదారుగురు పిల్లలకి చదివించి, మీరు వెనక కూర్చోండి. మీ చేతిలో కూడా పేజీ నంబర్లున్న కాగితం ఒకటి ఉండాలి. పిల్లలు పుస్తకం మీద నుంచి చూపు తిప్పిన పేజీకి సున్నా, వేలు పెట్టి ఏదైనా చూపించిన పేజీకి టిక్కు, పేజీ తిప్పకముందే జరగబోయేది చెప్పేసిన చోట గీత. ‘నచ్చిందా?’ అని అడగొద్దు. కుడి పేజీ దగ్గర ఆపి ‘ఇప్పుడేమవుతుంది?’ అని చదివేవారిని అడగమనండి. అందరూ ఒకటే జవాబు చెప్పి అదే జరిగితే ఆ మలుపు మార్చాలి. తలా ఒకటి చెబితే ఉంచండి. వాళ్ళు చెప్పినవాటిలో మీరు రాసినదానికన్నా మంచిది ఒకటైనా ఉంటుంది, రాసుకోవడానికి పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.